చిన్న క్లాంపులు ఏవి కొనాలి? బాల్కనీలో పని, 3,000 బడ్జెట్

బాల్కనీవడ్రంగి (కూకట్‌పల్లి)
అందరికీ నమస్తే. మాది మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలో వాషింగ్ మెషీను పోగా మిగిలిన ఆరడుగులే నా వర్క్‌షాపు. ఇంటి తలుపులు చేయించినప్పుడు మిగిలిన టేకు ముక్కలుంటే 12 మి.మీ. మందానికి చిత్రిక పట్టించి తెచ్చాను. వాటితో అమ్మకి ఒక పోపులపెట్టె చేద్దామని. పొడవు 300, వెడల్పు 200, ఎత్తు 100 మి.మీ. అది కుదిరితే తర్వాత మూడు పలకలు అతికించి ఒక పీట.

మొదటి పెట్టె ఆల్రెడీ చెడగొట్టాను. ఫెవికాల్ రాసి, నైలాన్ తాడు చుట్టి, మధ్యలో స్క్రూడ్రైవర్ పెట్టి మెలితిప్పి బిగించా. పొద్దున లేచి చూస్తే రెండు మూలల్లో గోరు దూరేంత సందు. అంతకుముందు ఆన్‌లైన్‌లో తుపాకీలా ట్రిగ్గర్ ఉండే క్లాంపులు (జిగురు ఆరేదాకా ముక్కల్ని బిగించి పట్టేవి) నాలుగు సెట్టుగా తెప్పించా. రెండోసారి నొక్కేసరికే ఒకదాని దవడ విరిగి చేతిలోకి వచ్చింది.

బడ్జెట్ 3,000. దాచుకోవడానికి ఉన్న చోటు ఒక షూ డబ్బాంత. సి క్లాంపా (సి ఆకారపు చట్రానికి స్క్రూ ఉండేది), ఎఫ్ క్లాంపా (కడ్డీమీద ఒక దవడ జరిగేది), మళ్లీ ట్రిగ్గర్‌దేనా? కాస్త చెప్పండి.

కరీంనగర్‌పోరడు
ఎఫ్ క్లాంపులు ఆరించులవి నాలుగు తీస్కో అన్నా. ఖతం. ట్రిగ్గర్‌వి బొమ్మలు. మా మేస్త్రి వాటిని చూసి "పిల్లలకు ఇయ్యి, ఆడుకుంటరు" అంటడు. మా దిక్కు క్లాంపును సికంజా అంటరు. సికంజా అంటే పట్టుకుంటే ఇడ్వద్దు.

రంపంపొట్టు
తమ్ముడూ, ఆరించులంటే నోరు తెరుచుకునేది 150 మి.మీ. పెట్టె వెడల్పు 200. ఎలా పడుతుంది?

కరీంనగర్‌పోరడు
అరె, నిజమే అక్కా. పన్నెండించులు అనాల్సింది. కొల్త చదవకుండ రాసిన.

ఉక్కునగరం (విశాఖ)
కొనే ముందు ఒక ప్రశ్న. మూల దగ్గర జాయింటు ఏం వేశారు? ముక్క చివరని ఇంకో ముక్కకి ఊరికే ఆనించి అతికించారా?

బాల్కనీవడ్రంగి
అవునండి. నున్నగా కోసి ఆనించా, అంతే.

గోదారిమేస్త్రి (రాజమండ్రి)
అక్కడే పోయిందండి. తాడు తప్పు కాదు. ముక్కని అడ్డంగా కోసిన చివర ఉంటుంది చూశారా, అది గడ్డిపరకల కట్టని కోసినట్టు ఉంటుంది. రాసిన జిగురంతా లోపలికి పీల్చేసుకుంటుంది, అతుకు దగ్గర ఏమీ మిగలదు. మీరు జర్మనీ క్లాంపు తెచ్చి బిగించినా అది ఊడుతుంది. పొడుగు పలకల చివర లోపలివైపు 6 మి.మీ. లోతున గాడి తీయండి. పొట్టి పలక ఆ గాడిలో కూర్చుంటుంది. అప్పుడు జిగురు పట్టడానికి రెండు ముఖాలు దొరుకుతాయి. జిగురు ఆరాక బయటినుంచి మూలకి రెండేసి వెదురు పుల్లలు దిగ్గొట్టండి. మా నాన్నగారు అలాగే చేసేవారు. ఆయన దగ్గర క్లాంపు అన్నదే లేదు.

ఇంకోటి, టేకులో నూనె ఉంటుంది. జిగురు రాయడానికి ఐదు నిమిషాల ముందు అతుకు మొహాన్ని థిన్నర్ గుడ్డతో తుడవండి. గుడ్డ పసుప్పచ్చగా అయితే ఇంకోసారి తుడవండి. నిన్న తుడిచి ఇవాళ అతికిస్తే లాభం లేదు, నూనె మళ్లీ పైకి వస్తుంది.

ఉక్కునగరం
మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా కరెక్టు. ఇప్పుడు బలం సంగతి. నేను రిటైర్డ్ ఫిట్టర్‌ని, లెక్క లేకపోతే నాకు నిద్ర పట్టదు.

టైట్‌బాండ్ జిగురు వాళ్లు చెప్పే లెక్క ప్రకారం గట్టి చెక్కకి చదరపు అంగుళానికి 175 నుంచి 250 పౌండ్ల ఒత్తిడి కావాలి. మన కొలతలో చదరపు సెంటీమీటరుకి సుమారు 12 నుంచి 17న్నర కిలోలు. మెత్తచెక్కకైతే 7 నుంచి 10 చాలు. మీ పెట్టె మూల 12 మి.మీ. మందం, 100 ఎత్తు. అంటే 12 చదరపు సెంటీమీటర్లు. తక్కువలో తక్కువ 12 కిలోలు వేసుకున్నా మూలకి 144 కిలోలు.

ట్రిగ్గర్ క్లాంపుల్లో ఇర్విన్ వాళ్ల క్విక్-గ్రిప్ మినీ ఇచ్చేది 140 పౌండ్లు, అంటే 63 కిలోలు. మీడియం 300 పౌండ్లు, 136 కిలోలు. హెవీ డ్యూటీ 600 పౌండ్లు, 272 కిలోలు. చిన్న ఎఫ్ క్లాంపు చేత్తో బిగిస్తేనే 150 కిలోలు దాటుతుంది. ఇప్పుడు పీట తీసుకోండి. 20 మి.మీ. పలక, 600 పొడవు అనుకుంటే అతుకు 120 చదరపు సెంటీమీటర్లు. 1,440 కిలోలు కావాలి. మినీలైతే 23 పెట్టాలి, పీట కనబడదు.

అతుకులు రెండు కదా, 2,880 కావాలేమో అని అడుగుతారు. అక్కర్లేదు. మూడు పలకల్నీ ఒకే వరసలో నొక్కుతున్నారు కాబట్టి అదే బలం రెండు అతుకుల్లోంచీ పోతుంది.

డాలస్‌గరాజ్
ట్రిగ్గర్ క్లాంపుల్ని మరీ అంత తీసిపారేయకండి. నా దగ్గర అన్ని రకాలూ కలిపి ముప్పైకి పైనే ఉన్నాయి (మా ఆవిడ లెక్క వేరే). వారంలో ఎక్కువసార్లు చేతిలోకి వచ్చేది ట్రిగ్గర్‌దే. ఎందుకంటే ఇంకో చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఒక్కడే పనిచేసేవాడికి అది రెండో మనిషి లెక్క. ముక్కని టేబుల్‌కి అదిమిపెట్టి రంపం పట్టాలన్నా, డ్రిల్ చెయ్యాలన్నా, ఎఫ్ క్లాంపు తిప్పుతూ కూర్చోలేం. దవడ విప్పి తిరగేసి పెడితే అదే లోపలినుంచి బయటికి తోస్తుంది కూడా. విరిగిన కుర్చీ కాళ్లు విడదీయడానికి చాలాసార్లు వాడాను.

ఎఫ్ క్లాంపు అంటే నాకు బెస్సే. 1889లో స్టుట్‌గార్ట్‌లో మాక్స్ బెస్సే మొదలెట్టిన ఉక్కు కంపెనీ, 1936 నుంచి క్లాంపులు చేస్తోంది. మంచి ఉక్కు దొరికినవాడు క్లాంపు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాలుగు కొనుక్కోండి, మనవలకి ఇవ్వొచ్చు.

కరీంనగర్‌పోరడు
అన్నా, ఆయన బడ్జెట్ మూడు వేలు. మనవల సంగతి తర్వాత చూద్దాం.

డాలస్‌గరాజ్
హహ, ఒప్పుకున్నా. అయితే స్టాన్లీ, గ్రోజ్ చూడండి, ఇండియాలో దొరుకుతాయి. నేను కూడా మొదట్లో చవక దుకాణంలో కొన్నవే. ఇప్పటికీ సగం పనిచేస్తున్నాయి.

రంపంపొట్టు
నేను చేసేవి ఎక్కువగా నగల పెట్టెలు, పూజ సామాను పెట్టెలు. చిన్నవాటి గురించి ఒక మాట ఎవరూ చెప్పలేదు: బరువు. 12 మి.మీ. పలకల పెట్టెకి నాలుగు పెద్ద క్లాంపులు వేలాడదీస్తే ఆ బరువుకే పెట్టె వంకర తిరుగుతుంది. మూలమట్టం పెట్టి సరిచేస్తాం, చెయ్యి తీయగానే మళ్లీ మొగ్గుతుంది. నేను మొదట్లో "పెద్దది కొంటే చిన్నదానికీ పనికొస్తుంది కదా" అని రెండడుగులవి కొన్నాను. పెట్టెకంటే పొడుగ్గా బయటికి తోకలా ఉండేవి. పక్కనుంచి పోతూ మా అబ్బాయి చున్నీ లాగినట్టు లాగాడు, పెట్టె నేలమీద.

నా పద్ధతి ఇది. పని కొలతకి, క్లాంపు దవడకీ పనికీ మధ్య రెండువైపులా పెట్టే చెక్క పట్టీల మందం కలపండి. మీకు 200, పట్టీలు 20 చొప్పున 40, మొత్తం 240. దానిపైన వచ్చే సైజు 300. అంతకంటే పెద్దది వద్దు. పట్టీ లేకుండా మాత్రం బిగించకండి, టేకు మీద కూడా గుండ్రటి ముద్ర పడుతుంది. కొండపల్లి బొమ్మల పొణికి చెక్కయితే ఇంక చెప్పక్కర్లేదు, వేలితో నొక్కినా దిగుతుంది. అలాంటివాటికి నేను క్లాంపు పెట్టను, సైకిల్ ట్యూబు పట్టీలు కోసి చుడతాను.

రెండోది గొంతు లోతు. కడ్డీ నుంచి స్క్రూ మధ్యకి ఎంత దూరం అని. నాలుగంగుళాల సి క్లాంపు కొనేవాళ్లు నోరు చూస్తారు, ఇది చూడరు. 50 మి.మీ. కంటే తక్కువ లోతుంటే పెట్టె అంచు దగ్గరే అందుతుంది. 100 ఎత్తున్న పలకకి సరిగ్గా మధ్యలో నొక్కాలంటే కనీసం 50 పైన ఉండాలి. 80 దొరికితే హాయి.

బాల్కనీవడ్రంగి
అక్కా, ఇది నాకు అస్సలు తట్టలేదు. మరి పట్టీ పెట్టెకే అతుక్కుపోదా, జిగురు కారుతుంది కదా?

రంపంపొట్టు
పట్టీ మీద బ్రౌన్ ప్యాకింగ్ టేపు అతికించు. ఫెవికాల్ దానికి పట్టదు. క్లాంపు కడ్డీ కింద కూడా ఒక ముక్క పెట్టు. తడి జిగురు, ఇనుము, టేకు మూడూ కలిస్తే నల్లటి మరక పడుతుంది. తుమ్మ చెక్కకైతే ఇంకా ఘోరం. చిత్రికతో కూడా పోదు, లోపలికి దిగుతుంది.

కారిన జిగురుని తడిగుడ్డతో తుడవకు. పల్చబడి రంధ్రాల్లోకి పోతుంది, పాలిష్ వేశాక తెల్లగా బయటపడుతుంది. ముప్పావుగంట ఆగితే రబ్బరులా అవుతుంది. ఉలి వీపుతో లాగితే పొట్టులా వచ్చేస్తుంది.

బాల్కనీవడ్రంగి
శనివారం రాణిగంజ్ వెళ్తున్నా. షాపులో పట్టుకుని మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? అక్కడ నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఉక్కునగరం
జేబులో ఒక చెక్కముక్క, రెండు న్యూస్‌పేపరు పట్టీలు తీసుకెళ్లండి. ముక్కని క్లాంపులో పెట్టి, దవడ కొసదగ్గర ఒక పేపరు, మొదలుదగ్గర ఒక పేపరు దూర్చి బిగించండి. లాగి చూడండి. రెండూ రాకూడదు. కొసదగ్గర పేపరు ఊడివస్తోందంటే బిగించినప్పుడు దవడ నోరు తెరుస్తోందని అర్థం. అది వద్దు. ఖాళీగా ఉన్నప్పుడు కొసలు కాస్త లోపలికి మొగ్గి ఉంటే కంగారు పడకండి, బిగిస్తే సమం అవుతాయి.

తర్వాత స్క్రూ కొసన తిరిగే పళ్లెం. దాన్ని వేలితో పట్టి లాగండి. వదులుగా ఊగాలి గానీ ఊడకూడదు. చవక క్లాంపుల్లో మొదట పోయేది అదే. స్క్రూని పక్కకి కదిపితే టకటకమంటే మర వదులు. మర మందంగా, పైన చదునుగా ఉండాలి. సన్నటి బోల్టు మరైతే తొందరగా అరుగుతుంది. కడ్డీ అంచున గాట్లున్నాయా చూడండి, జారే దవడ పట్టు దొరకబుచ్చుకునేది వాటిమీదే.

సి క్లాంపు తీసుకుంటే పోతపోసిన ఇనుముదా, సాగగొట్టిన ఉక్కుదా అడగండి. రెండోదాన్ని ఫోర్జ్‌డ్ అంటారు. అతిగా బిగిస్తే అది వంగుతుంది. పోతది చెప్పకుండా ఫట్‌మంటుంది. టపారియా సి క్లాంపులు దొరుకుతాయి, అవీ చూడండి.

గోదారిమేస్త్రి
సార్, మీ లెక్కలమీద గౌరవం ఉంది గానీ, నలభై ఏళ్లుగా నేను ఎప్పుడూ 1,440 కిలోలు పెట్టలేదండి. నేను అతికించిన తలుపులు ఇప్పటికీ ఉన్నాయి. అసలు కిటుకు చిత్రికలో ఉంది. రెండు పలకల అంచులూ ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు కనబడకూడదు. అలా కుదిరినదాన్ని చేత్తో నొక్కినా అతుక్కుంటుంది. వెలుతురు కనబడేదాన్ని మీరు లారీ జాకీతో నొక్కినా రేపో ఎల్లుండో విడిపోతుంది.

ఉక్కునగరం
ఒప్పుకుంటున్నా మేస్త్రి గారూ, సగం. కంపెనీ చెప్పే అంకె అంచు ఎలా ఉన్నా పని జరగాలని చెప్పేది. మీ చెయ్యి పట్టిన అంచుకి అందులో మూడోవంతు చాలేమో. కానీ అడిగినాయన మొదటి పెట్టె చేస్తున్నాడు. ఆయన అంచుకి క్లాంపు కాస్త సాయం చెయ్యాలి.

గోదారిమేస్త్రి
అదీ నిజమేనండి. అన్నట్టు బాబూ, మీ పీటకి క్లాంపు కొనకండి. మూడు పలకలు వంద చొప్పున 300 అవుతుంది, పట్టీలతో 340. అందుకోసం 450 మి.మీ.వి కొంటే మీ షూ డబ్బాలో పట్టవు. ఒక ప్లైవుడ్ ముక్క తీసుకోండి. దానిమీద ఒక పట్టీని తిన్నగా, రెండో పట్టీని కొంచెం ఏటవాలుగా స్క్రూలతో బిగించండి. మధ్యలో పలకలు పేర్చి, మిగిలిన ఏటవాలు సందులో ఒకవైపు సన్నగా చెక్కిన ముక్కని పెట్టి కొడతితో రెండు దెబ్బలు. అంతే, ఏ క్లాంపూ ఇవ్వనంత బిగువు. కింద న్యూస్‌పేపరు పరచండి, లేకపోతే పీటా ప్లైవుడ్డూ ఒకటే అయిపోతాయి. పలకలు పైకి లేవకుండా మీద రుబ్బురోలు పొత్రమో, నీళ్ల డబ్బానో పెట్టండి.

వీణతంతి
ఆలస్యంగా వచ్చాను. నేను వాయిద్యాల రిపేరు చేస్తాను, ఎక్కువగా గిటార్లు, అప్పుడప్పుడు వీణలు. పల్చటి పనస చెక్క మీద ఇనప క్లాంపు పెట్టాలంటేనే భయం. నేను వాడేది చెక్క దవడల క్లాంపు. సన్నటి ఇనప కడ్డీ, రెండు చెక్క చేతులు, ఒక చేతిలో గుండ్రటి మీట. మీట తిప్పితే దాని ఉబ్బు దవడని నొక్కుతుంది. లోపల కార్కు అంటించి ఉంటుంది. చేతికి బరువే తెలియదు, ముద్ర పడదు. బలం తక్కువ, కాబట్టి ఈ పెట్టె మూలలకి సరిపోదు. మూతకి చిన్న బద్ద అతికించేటప్పుడు మాత్రం దీన్ని మించింది లేదు. కొనక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

బాల్కనీవడ్రంగి
రాణిగంజ్ నుంచి రిపోర్టు. పేపరు పరీక్ష పెడుతుంటే షాపతను నవ్వాడు గానీ, మూడో రకానికి వచ్చేసరికి తనే పేపరు లాగి చూశాడు. చూడ్డానికి అన్నిటికంటే మెరిసేదే ఫెయిల్. 300 మి.మీ. ఎఫ్ క్లాంపులు నాలుగు తీసుకున్నా, గొంతు లోతు 80. మీడియం ట్రిగ్గర్‌ది ఒక్కటి, పట్టుకోవడానికి. బడ్జెట్ దాటలేదు, ఆటో డబ్బులు తప్ప. షూ డబ్బాలో ఐమూలగా పెడితే పట్టాయి.

కానీ ఒక సమస్య. ఇంటికొచ్చి తుప్పు పట్టకుండా అన్నిటికీ కుట్టుమిషను నూనె రాశా. ఇప్పుడు ఒకటి బిగిస్తుంటే దవడ కడ్డీమీద జారిపోతోంది. మాల్ తేడానా?

ఉక్కునగరం
మాల్ బాగానే ఉంది, నూనె రాసింది మీరు! ఆ దవడ నిలబడేదే రాపిడిమీద. స్క్రూ తిప్పగానే దవడ కొంచెం పక్కకి వాలి కడ్డీని కరుచుకుంటుంది. నూనె ఉంటే ఏం కరుస్తుంది? కడ్డీని థిన్నర్‌తో శుభ్రంగా తుడిచి, సుద్దముక్కతో రుద్దండి. స్క్రూకి మాత్రం కొవ్వొత్తి రుద్దండి, నూనె కంటే అదే మేలు, దుమ్ము పట్టదు. మా వైజాగ్‌లో సముద్రపు గాలికి తుప్పు తప్పదు, నేనూ కడ్డీకి నూనె రాయను. అప్పుడప్పుడు గరుకు కాగితం పట్టిస్తాను.

డాలస్‌గరాజ్
ఇదే తప్పు నేనూ చేశాను, సిలికాన్ స్ప్రేతో. అది ఇంకా దారుణం. ఆ చేతులతో ముట్టుకున్న చెక్కమీద పాలిష్ చేపకళ్లలా విడిపోయింది.

రంపంపొట్టు
జిగురు రాసేముందు ఒకసారి ఉత్తినే మొత్తం బిగించి చూడు తమ్ముడూ. ఏ క్లాంపు ఎక్కడ, ఏ పట్టీ ఎటు అన్నీ. జిగురు రాశాక పట్టీ కోసం వెతుక్కుంటే అయిపోయినట్టే. బిగించాక కర్ణాలు కొలువు. 300, 200 పెట్టెకి రెండూ 360న్నర దగ్గర రావాలి. ఒకటి పెద్దదొస్తే, ఆ పెద్ద కర్ణం వైపుకి క్లాంపుల్ని కొంచెం ఐమూలగా జరిపి మళ్లీ బిగించు.

బాల్కనీవడ్రంగి
అయిపోయింది! గాడి తీయడానికే రెండు రోజులు పట్టింది, ఒక పలక చెడిపోయింది. థిన్నర్ గుడ్డ మేస్త్రి గారు చెప్పినట్టే పసుప్పచ్చగా అయ్యింది, మూడోసారికి తెల్లగా వచ్చింది. మొదటిసారి కర్ణాలు 359, 362. అక్క చెప్పినట్టు రెండు క్లాంపుల్ని వేలెడు జరిపితే రెండూ 360న్నర. రాత్రంతా వదిలేసి పొద్దున విప్పాను. గోరు కాదు, పేపరు కూడా దూరలేదు. వెనకవైపు ఒకచోట మాత్రం పట్టీ జారి గుండ్రటి ముద్ర పడింది.

గోదారిమేస్త్రి
ముద్ర మీద నాలుగు చుక్కలు నీళ్లు వేసి, తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టె కాసేపు ఆనించండి. చెక్క ఉబ్బి పైకి వస్తుంది. అతుకుకి దూరంగానే ఆనించండి, ఫెవికాల్‌కి వేడి పడదు. వెదురు పుల్లలు రేపు దిగ్గొట్టొచ్చు.

బాల్కనీవడ్రంగి
ముద్ర లేచింది మేస్త్రి గారూ! తొంభై శాతం. వచ్చే ఆదివారం పీట, మీరు చెప్పిన ఏటవాలు పద్ధతిలోనే. పొత్రం అమ్మ ఇవ్వనంది, నీళ్ల డబ్బాతో కానిస్తా.

కరీంనగర్‌పోరడు
అన్నా, గా ఇరిగిపోయిన ట్రిగ్గర్ క్లాంపు పారేసినవా? దాని కడ్డీ నాకు కావాలె. వీణతంతి గారు చెప్పిన చెక్క దవడలది చేద్దామనుకుంటున్న.

బాల్కనీవడ్రంగి
పారేయలేదు తమ్ముడూ. వచ్చే గురువారం జుమ్మెరాత్ బజార్‌లో పాత సి క్లాంపులు వెతకడానికి వెళ్తున్నా. నువ్వు హైదరాబాద్ వచ్చేదుంటే అక్కడే ఇస్తా.